పాడి పశువులలో కార్జపు జలగ వ్యాధి: సంఘ సభ్యులతో కొన్ని మాటలు

పాల సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము మొదట చూసేది నగదు పుస్తకం, ఆ తరువాత పాల సేకరణ రిజిస్టరు. పశువును పరీక్షించడం మా పని కాదు, అది పశువైద్యాధికారి పని. అయినప్పటికీ ఈ వ్యాసంలో పశువు జబ్బును గురించే రాస్తున్నాము. ఎందుకనగా ఈ జబ్బు ఆనవాలు మాకు మొదట దొరికింది రిజిస్టరు కాగితాలలోనే.

డెల్టాలో కాలువ చివరి భూములను ఆనుకొని ఉన్న ఒక గ్రామ సంఘం అది. సంక్రాంతి దాటిన వారంలో, ఉదయం పూట పాలు పోయించుకొంటున్న సమయానికి మేము అక్కడికి చేరాము. వరుసలో ఉన్న ఒక పెద్దావిడ తన పాసుపుస్తకం తెచ్చి మా ముందు పెట్టింది.

"అయ్యా, మీరు పై ఆఫీసు నుంచి వచ్చారంట గదా, మీరే లెక్క చెప్పండి. దసరాకు పూటకు మూడు లీటర్లు పోశాను. ఇప్పుడు ఒకటిన్నర. గేదె అదే, గడ్డి అదే, పిండి అదే. మిగతా పాలు ఎక్కడికి పోయినయ్యి?"

టెస్టరు కుర్రవాడు తల వంచుకొని నిలబడ్డాడు. "అమ్మా, చూస్తాము" అని చెప్పి కొలతలను, తూకాన్ని, వెన్న శాతం చూసే యంత్రాన్ని ఆమె ఎదుటనే సరిచూశాము. ఎక్కడా తేడా లేదు. ఆమె మాత్రం నమ్మలేదు. ఆమె స్థానంలో మేమున్నా నమ్మేవాళ్ళం కాము.

తరువాత రిజిస్టరు ముందేసుకొని కూర్చున్నాము. ఈని ఎన్నాళ్ళయిందో సభ్యుల వారీగా కార్యదర్శిని అడుగుతూ, వట్టిపోయే దశలో ఉన్న పశువులను పక్కన పెట్టి చూశాము. రోడ్డువైపు పేట వారి పాలు ఇంచుమించు నిలకడగా ఉన్నాయి. పల్లపు పేట వారివి, అనగా కాలువగట్టున, మడుగు పక్కన పశువులను మేపేవారివి, వరుసగా దిగిపోయాయి. కొలతలో దొంగతనం జరిగితే అది పేటను చూసి జరగదు గదా!

ఇక్కడ మా పొరపాటు కూడా ఒప్పుకోవలసి ఉన్నది. అంతకు ముందు ఏడాది ఇదే నెలలో ఇదే సంఘం తనిఖీ నివేదికలో "పశుగ్రాసం కొరత వల్ల సేకరణ తగ్గినది" అని మేమే రాసి సంతకం పెట్టాము. పల్లపు పేటలో ప్రతి ఇంటి వెనుకా గడ్డివాము నిండుగా ఉన్న సంగతి ఆనాడు తలెత్తి చూడలేదు.

మరుసటి వారం పశువైద్యాధికారి వచ్చి పల్లపు పేట పశువుల పేడ నమూనాలు తీసుకొని సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. సగానికి మించి నమూనాలలో కార్జపు జలగ గుడ్లు కనిపించాయి.

జలగ కాని జలగ

చెరువులో దిగితే కాలికి పట్టే జలగకూ దీనికీ చుట్టరికం లేదు, పేరు మాత్రమే ఒకటి. ఇది ఆకు ఆకారంలో బల్లపరుపుగా ఉండే పురుగు. గొర్రె కార్జం కోసేటప్పుడు ఇలాంటి పురుగు గొట్టాలలోంచి జారి పడడం మన ఇళ్ళలో ఆడవాళ్ళకు తెలిసిన సంగతే. ఇందులో రెండు రకాలున్నాయి. చల్లని కొండ ప్రాంతాలలో ఉండేది పొట్టి రకం. మన మైదానాలలో గేదెలను, ఆవులను పీడించేది పొడుగు రకం. ఇది రెండున్నర నుంచి ఏడున్నర సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దీనికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఫాషియోలా జైగాంటికా. 1855లో కాబోల్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించినది ఒక జిరాఫీ కార్జం నుంచి తీసి!

పెరిగిన జలగలు కార్జంలోని పైత్యరస నాళాలలో కాపురముండి రక్తం పీలుస్తాయి. నాళాల గోడలు మందమై, గట్టిపడి, ఆవులలో ఒక్కొక్కప్పుడు సున్నం పేరుకొని కత్తికి గరగర తగులుతాయి. తిన్న మేతను వంటికి పట్టించి, రక్తానికి కావలసిన మాంసకృత్తులను తయారుచేసే అవయవం కార్జమే గనుక, అది దెబ్బతిన్న గేదెకు ఎంత తెలగపిండి పెట్టినా పాలలోకి రాదు. పాసుపుస్తకం తెచ్చిన ఆవిడ ప్రశ్నకు జవాబు ఇదే.

పేడ నుండి నత్తకు, నత్త నుండి గడ్డికి

ఈ జబ్బు ఒక పశువు నుంచి పక్క పశువుకు నేరుగా అంటుకోదు. ఒకే కొట్టంలో ఉన్నా, ఒకే తొట్టిలో తిన్నా రాదు. మధ్యలో నత్త ఉండాలి. 1879-80లో ఇంగ్లండులో విపరీతమైన వానల తరువాత లక్షలాది గొర్రెలు ఈ జబ్బుతో చనిపోయాయి. ఆ తరువాతే ఆక్స్‌ఫర్డులో థామస్, జర్మనీలో లూకార్ట్ విడివిడిగా పరిశోధించి, 1880 దశకం మొదటి సంవత్సరాలలో ఈ నత్త సంగతి తేల్చారు. సభ్యులు దీనిని ఓపికగా చదవవలెనని కోరుతున్నాము. జబ్బును ఎక్కడ ఆపవచ్చునో ఇందులోనే ఉన్నది.

కార్జంలోని జలగ రోజూ వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. ఇవి పైత్యరసంతో పేగులలోకి దిగి పేడతో బయటపడతాయి. పేడ ముద్దలో ఉన్నంతకాలం గుడ్డు ఎదగదు. పేడ నీటిలో కరిగి గుడ్డు విడివడితేనే లోపల పిల్ల తయారవుతుంది. మన వేడికి ఇందుకు రెండు మూడు వారాలు చాలు. గుడ్డు నుండి వచ్చిన పిల్ల కంటికి కనపడనంత చిన్నది. అది నీటిలో ఈదుతూ ఇంచుమించు ఒక రోజులోపల తనకు తగిన నత్తను చేరాలి, లేకపోతే చస్తుంది. చేరిందా, నత్త లోపల ఒకటి వందలవుతుంది. సుమారు రెండు నెలలకు అవి తోకలున్న పిల్లలుగా నత్తను విడిచి, నీటి అంచున ఉన్న గడ్డికో, వరి దుబ్బు మొదటికో, నీటి మొక్కకో అంటుకొని, తోక వదిలి, చుట్టూ గట్టి తిత్తి కట్టుకొంటాయి. కొన్ని తిత్తులు నీటిపై తేలుతూ కూడా ఉంటాయి.

ఆ గడ్డిని మేసిన పశువు పేగులో తిత్తి విడిపోతుంది. పిల్ల జలగ పేగు గోడను తొలుచుకొని కడుపులోకి, అక్కడ నుంచి కార్జంలోకి దిగి, వారాల తరబడి కార్జాన్ని తొలుస్తూ తిరుగుతుంది. పైత్యరస నాళాలకు చేరి గుడ్లు పెట్టడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అనగా ఆగస్టు, సెప్టెంబరులో నోట పడిన తిత్తి ఫలితం డిసెంబరు, జనవరి పాలలో కనపడుతుంది. ఈ ఎడం వల్లనే ఎవరూ మడుగును అనుమానించరు, టెస్టరును అనుమానిస్తారు.

నత్తలన్నీ దోషులు కావు. మన ఊళ్ళలో ఏరుకొని వండుకొనే పెద్ద గుల్లకు నోటి దగ్గర గట్టి మూత ఉంటుంది. దానికి ఈ జబ్బుతో సంబంధం లేదు. దోషి పల్చని పెంకు గల చిన్న గోధుమరంగు నత్త, రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ. దానికి మూత ఉండదు. మొన పైకి, నోరు మన వైపు ఉండేట్లు పట్టుకొంటే నోరు కుడి పక్కకు తెరుచుకొని ఉంటుంది. నాచు పట్టి నెమ్మదిగా కదిలే నీరు, కాలువ మలుపులు, మడుగుల అంచులు దీనికి ఇష్టం. తెలంగాణలో చెరువు తూముల కింద, తడి ఆరని పల్లపు మళ్ళలో కూడా ఇదే పరిస్థితి.

గుర్తు పట్టడం

గేదె ఈ జబ్బును చాలాకాలం ఓర్చుకొంటుంది. అదే ప్రమాదం. మొదట పాలు తగ్గుతాయి. వెంట్రుకలు బిరుసుగా నిలబడతాయి, మేత మీద మనసు తగ్గుతుంది, పశువు సన్నబడుతుంది. ఎదకు రావడం ఆలస్యమవుతుంది. ఒకసారి పారుడు, ఒకసారి మలబద్ధకం. కంటి కింది రెప్పను లాగి చూస్తే లోపలి పొర ఎర్రగా ఉండవలసినది తెల్లగా పాలిపోయి ఉంటుంది. ముదిరినప్పుడు దవడల కింద నీరు దిగి మెత్తని సంచి వలె వేలాడుతుంది. దూడలు ఈ దశలో తట్టుకోలేవు.

దవడ కింద వాపును గురించి ఒక హెచ్చరిక. గురకవ్యాధిలో కూడా గొంతు వాస్తుంది. కాని ఆ వాపు వేడిగా, నొప్పిగా ఉంటుంది. తీవ్రమైన జ్వరం, గురక, ఆయాసం ఉంటాయి. పశువు ఒకటి రెండు రోజులలో ప్రాణం మీదికి తెచ్చుకొంటుంది. అప్పుడు గంట కూడా ఆగకుండా డాక్టరును పిలవాలి. జలగ వ్యాధిలో వాపు చల్లగా ఉంటుంది, నొప్పి ఉండదు, వేలితో నొక్కితే గుంట పడి కాసేపటికి గాని పూడదు. ఈ తేడా తెలియక "జలగలే గదా, సంతనాటికి చూద్దాం" అనుకొని గేదెను పోగొట్టుకొన్నవారు ఉన్నారు.

నిశ్చయంగా తెలుసుకోవడానికి పేడ పరీక్ష ఒకటే సులభమైన మార్గం. పాలలో మీగడ పైకి తేలుతుంది. జలగ గుడ్డు దీనికి వ్యతిరేకం, బరువైనది, అడుగుకు చేరుతుంది. అందుచేత పేడను నీటిలో కలిపి, వడగట్టి, తేరనిచ్చి, అడుగు మడ్డిని చూస్తారు. బంగారు పసుపు రంగు గుడ్లు కార్జపు జలగవి. రంగులేని గుడ్లు కనిపిస్తే అవి పొట్ట జలగవి. అది వేరే నత్త ద్వారా, కాని అదే మడుగు నుంచి వస్తుంది, దూడలలో దుర్వాసనతో నీళ్ళ పారుడు పెడుతుంది. ఒకసారి పరీక్షలో గుడ్లు కనపడనంత మాత్రాన జబ్బు లేదనుకోరాదు. పిల్ల జలగలు గుడ్లు పెట్టవు, పెద్దవి కూడా అన్ని వేళలా సమంగా పెట్టవు. ఒక్క పశువుది కాక, పది ఇళ్ళవి కలిపి పంపితే పేట పరిస్థితి తెలుస్తుంది.

మందు సంగతి

"నట్టల మందు తాగించాం గదండీ" అని సభ్యులు మాతో చెప్పని ఊరు లేదు. గుండ్రటి నట్టలకు ఇచ్చే మందులు చాలావరకు జలగను ఏమీ చేయవు. ఐవర్‌మెక్టిన్ సూది, ఫెన్‌బెండజోల్ బిళ్ళ వేయించి ధీమాగా ఉండడం డబ్బు దండగ. ఆక్సీక్లోజనైడ్ పెరిగిన జలగలను చంపుతుంది, పొట్ట జలగలపైన కూడా పని చేస్తుంది, కాని కార్జంలో తిరుగుతున్న పిల్ల జలగలను వదిలేస్తుంది. ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగలను కూడా చంపుతుంది, పొట్ట జలగలను మాత్రం తాకదు. ఆల్బెండజోల్ ఎక్కువ మోతాదులో ఇస్తే పెరిగిన జలగలకు కొంత పనికివస్తుంది, కాని చూడి మొదటి నెలల్లో ఇవ్వకూడదు. ఏది, ఎప్పుడు, ఎంత అనేది పశువైద్యాధికారి నిర్ణయించాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకోవడం తగదు.

మోతాదు బరువును బట్టి ఉంటుంది. మన గేదెను తూచే కాటా ఊళ్ళో లేదు గనుక కంటి అంచనాతో తక్కువ ఇస్తుంటాము. తక్కువ మోతాదు జలగలకు మందు అలవాటు చేస్తుంది. ట్రైక్లాబెండజోల్‌కు లొంగని జలగలున్నట్లు 1995లోనే ఆస్ట్రేలియాలో బయటపడింది. మేము డిప్లొమా చదివే రోజుల్లో నేర్చుకొన్న టేపు లెక్క ఒకటి ఉన్నది. ముందుకాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టుకొలతను, భుజం మొన నుంచి పిరుదు ఎముక చివరి వరకు పొడవును అంగుళాలలో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దానిని పొడవుతో గుణించి, 300తో భాగిస్తే బరువు పౌన్లలో వస్తుంది. దానిని 2.2తో భాగిస్తే కిలోలు. చుట్టుకొలత 75, పొడవు 55 అంగుళాలు ఉన్న గేదె సుమారు 470 కిలోలు తూగుతుంది. ఇది అంచనాయే, అయినా కంటి చూపు కంటె మేలు. దర్జీ వాడే టేపు సరిపోతుంది.

ఒక్కరు తాగిస్తే చాలదు

పల్లపు పేటలో డాక్టరుగారు మందు రాసిచ్చిన తరువాత మొదటి ఏడాది నలుగురైదుగురు సభ్యులే తాగించారు. మరుసటి చలికాలానికి వారి పశువులకూ మళ్ళీ జలగలు వచ్చాయి. మందు తప్పా? కాదు. మందు పశువు లోపలి జలగలను చంపుతుంది గాని మడుగులోని నత్తలను చంపదు. తాగించని ముప్పై ఇళ్ళ పశువుల పేడ అదే కాలువలో పడుతున్నది. ఎవరి గేదె వారిదే అయినా మడుగు అందరిదీ. కాబట్టి ఈ మందు సంఘం తీర్మానం చేసి, పేట మొత్తానికి ఒకే వారంలో ఇప్పించవలసిన మందు అని మా అభిప్రాయం.

ఏడాదిలో రెండు సమయాలు ముఖ్యం. తొలకరికి ముందు ఇచ్చిన మందు వల్ల, వానలకు నత్తలు పెరిగే వేళకు నీటిలో గుడ్లు పడడం తగ్గుతుంది. వానలు, సార్వా కోతలు ముగిశాక ఇచ్చిన మందు ఆ కాలంలో ఎక్కిన జలగలను దించుతుంది. రెండవ విడతలో పిల్ల జలగలు కూడా ఉంటాయి గనుక మందు ఎంపిక, అవసరమైతే మళ్ళీ ఎన్నాళ్ళకు ఇవ్వాలన్నది డాక్టరుగారిని ప్రత్యేకంగా అడగండి. కాలువలు కట్టేసిన వేసవిలో నీరు ఇంకిన కుంటల చుట్టూ పశువులన్నీ చేరి అంచు పచ్చిక మేస్తాయి. అది కూడా జబ్బు ఎక్కే సమయమే.

నీటి దగ్గరకు గేదెను పోనివ్వవద్దని కొన్ని పుస్తకాలలో రాస్తారు. గేదెను ఎరిగినవారెవరూ ఆ మాట అనరు. దానికి మునక కావాలి. కాని కొట్టంలో కడుపునిండా మేపి తరువాత మునకకు తోలవచ్చు, గట్టు శుభ్రంగా ఉన్న రేవునే వాడవచ్చు, తాగే నీరు బోరు నుంచి తొట్టికి పట్టవచ్చు. పల్లపు పేటవారు ఒక రేవు ఎంచుకొని చుట్టూ నాచు, తూటికాడ పెరికేశారు. మైలుతుత్తం చల్లి నత్తలను చంపే పద్ధతి పూర్వం ఉండేది. చేపలు చచ్చిపోతాయి గనుక అది ఇప్పుడు తగదు. కోతలయ్యాక చేలలోకి వచ్చే బాతుల మందలు నత్తలను బాగానే ఏరుకు తింటాయి, వారిని తరిమివేయకండి.

కొట్టం కడిగిన నీరు నేరుగా కాలువలోకి పోయే ఏర్పాటు చాలా ఇళ్ళలో చూస్తున్నాము. పేడలో ఎదగలేని గుడ్డుకు మనమే తలుపు తీసి నీరు అందిస్తున్నామన్నమాట. పేడను కుప్ప వేసి మాగనిస్తే ఆ వేడికి గుడ్లు చస్తాయి. కడిగిన నీటికి పెరటిలో ఒక ఇంకుడు గుంట చాలు.

వరిగడ్డి విషయం. తిత్తులు ఎక్కువగా ఉండేది నీటిలో నానిన కింది భాగంలో. ఇండోనేషియా వరి పొలాలలో ఇదే జలగ మీద పని చేసిన పరిశోధకులు పచ్చి వరి పైభాగమే మేపమని, మేపే ముందు మూడు రోజులు ఎండలో ఆరబెట్టమని సూచించారు. ఎండ తిత్తికి శత్రువు, తడి మిత్రుడు. బాగా ఎండి నెలల తరబడి వాములో ఉన్న గడ్డితో భయం తక్కువ. తడి ఆరకముందే చుట్ట చుట్టిన గడ్డి, కోత మిషను పోయిన చేలో తడి మోళ్ళ మధ్య పశువును వదలడం, ఈ రెండూ మాకు ఎక్కువ భయం కలిగిస్తున్నాయి.

పాలు నిలిపే రోజులు

ఇక చివరి సంగతి, సభలలో ఎవరూ పైకి మాట్లాడనిది. కార్జపు జలగ పాల ద్వారా మనిషికి రాదు, ఆ భయం అక్కరలేదు. కాని మందు పాలలోకి వస్తుంది. సీసాపై రాసినన్ని రోజులు ఆ పాలు సంఘంలో పోయకూడదు. కొన్ని మందులు పాలిచ్చే పశువుకు అసలు ఇవ్వకూడదు, వట్టిపోయినప్పుడే తాగించాలి. రెండు గేదెలపై బతికే ఇంటికి నాలుగు రోజుల పాల డబ్బు చిన్న విషయం కాదు. అందువల్ల కొందరు మందు మానేస్తారు, కొందరు మందు ఇచ్చి చెప్పకుండా పోస్తారు. రెండవవారిని తిట్టడం సులభం. మేము ఆ పని చేసి చూశాము, ఫలితం లేదు. పల్లపు పేట సంఘం మహాజన సభలో తీర్మానం చేసి, మందు వారంలో నిలిపిన పాలకు కొంత సొమ్మును సంఘం నిధి నుంచి ఇచ్చింది. మందు తేదీ, పశువు గుర్తు, పాలు తిరిగి తీసుకొనే తేదీ రాయడానికి సేకరణ రిజిస్టరులోనే ఎర్రసిరాతో ఒక గడి గీశారు. ఆ ఏడాదే ముప్పై ఇళ్ళూ తాగించాయి.

పాసుపుస్తకం తెచ్చిన ఆవిడ పెద్ద గేదె తిరిగి మూడు లీటర్లకు రాలేదు. దాని కార్జం అప్పటికే చాలా దెబ్బతిన్నది, మరుసటి ఈతకు అమ్మివేసింది. దాని పెయ్యను మాత్రం నిలుపుకొన్నది. మేము పోయినసారి వెళ్ళినప్పుడు అది తొలిచూలు. టేపు పెట్టి కొలిచి బరువు ఎంతో చెప్పమని మమ్మల్నే కొట్టంలోకి పిలిచింది.